నాన్న వేట కత్తికి తోలు పిడి వదులైంది, ఏం చేయాలి?

నాన్న వాడిన కత్తి అటక మీద దొరికింది. పిడి తోలు బిళ్లలు పేర్చి చేసినది. తోలు ఎండిపోయి బిళ్లల మధ్య గోరు దూరేంత సందులొచ్చాయి, పట్టుకుంటే కదులుతోంది. నాన్న బొటనవేలు ఆనినచోట నల్లగా, నున్నగా చిన్న గుంట ఉంది. అది మాత్రం పోకూడదు. నూనెలో నానబెట్టమంటున్నారు, చేయొచ్చా?

జవాబు 1: వద్దండీ! నూనె ఎక్కువైతే తోలు మెత్తబడిపోతుంది. గుడ్డ తడిపి గట్టిగా పిండి, కాస్త శాడిల్ సోప్‌తో (తోలు శుభ్రం చేసే సబ్బు) మురికి తుడవండి. నీడలోనే ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత లెదర్ కండిషనర్ (తోలు ఎండిపోకుండా రాసే క్రీము) వేలితో పల్చగా రాయండి. మర్నాడు తోలు పీల్చేసుకుంటే ఇంకోసారి. చివర్లో తేనెమైనం పట్టించి గుడ్డతో రుద్దండి. గరుకు కాగితం ముట్టుకోవద్దు, ఆ గుంట అరిగిపోతుంది.

జవాబు 2: పిడి చివర నట్టు ఉందేమో చూడండి. ఉంటే మెల్లగా బిగించండి, సందులు తగ్గుతాయి. రివెట్ (కొట్టి బిగించేసిన మేకు) అయితే కదపకండి. ఇంకోమాట, కత్తిని తోలు ఒరలో దాచొద్దు. తోలు తేమ పట్టి అలుగు తుప్పెక్కుతుంది.

అడిగినవారు: నట్టే ఉందండీ! అర చుట్టు తిరిగింది, కదలడం ఆగిపోయింది. సబ్బు పని రేపు. గుంట దగ్గర మాత్రం ఉత్త గుడ్డతోనే తుడుస్తాను.