అప్‌డేట్: నాన్న గొంతు విన్నాం

మూడు నెలల క్రితం ఇక్కడ మిమ్మల్నందరినీ అడిగాను కదా, పక్షవాతం వచ్చాక నాన్నకు మాట పడిపోయింది, కోపంతో ప్లేటు విసిరేస్తున్నారు, ఏం చేయాలని. మీరు చెప్పినట్టే "ఏం కావాలి?" అని అడగడం మానేశాను. టీ గ్లాసు, నీళ్ల గ్లాసు రెండూ చూపించి, ఆయన ఎడమ చెయ్యి కదిలేదాకా ఆగుతున్నాను. ఆ ఆగడమే కష్టం.

మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినా, కొందరిలో పాట మిగిలి ఉంటుందని ఒక అక్క చెప్పారు. మొన్న మల్కాజిగిరిలో మా ఇంట్లో అమ్మ మంగళహారతి పాడుతుంటే నాన్న గొంతు కలిపారు. రెండు లైన్లు, స్పష్టంగా! అమ్మ చేతిలో హారతి పళ్లెం వణికిపోయింది.

కుడి చెయ్యి ఇంకా బిగుసుకునే ఉంది, ఫిజియోథెరపీ నడుస్తోంది.

నాకు నిద్ర లేదని ఇక్కడ రాస్తే, ఆదివారం ఉప్పల్ నుంచి వచ్చి నాన్న దగ్గర కూర్చున్న అన్నయ్యా, మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?