ఓక్ చెట్టు ఉంటే ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది, కొడితే జరిమానా పడుతుందా? (ఎసెక్స్, గ్రేడ్ 2 లిస్టెడ్ ఇల్లు)

ఎసెక్స్_పెరడు:
అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రెండేళ్ళ కిందట ఇంగ్లాండ్‌లోని ఎసెక్స్‌లో ఒక పల్లెలో పాత ఇల్లు కొన్నాం. గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా చట్టం కాపాడే జాబితాలో ఉన్నది. చెక్క చట్రం, దాని మీద సున్నపు పూత. మా తాతగారి గానుగ సున్నం ఇల్లు గుర్తొచ్చి మనసు పారేసుకున్నాం. వంటగది గోడకు 9 మీటర్ల దూరంలో, టేపు పెట్టి కొలిచాను, పెద్ద ఓక్ చెట్టు ఉంది. నేనూ మా ఆవిడా చెరోవైపు చేతులు చాచినా మాను చుట్టూ అందవు.

పోయిన ఆగస్టులో వంటగది కిటికీ పై మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు కనిపించింది. కింద వెంట్రుకంత సన్నం, పైన పౌండు బిళ్ళ అంచు దూరేంత. పక్కన పెన్సిల్‌తో గీత గీసి తారీఖు రాశాను. ఫిబ్రవరికి దాదాపు మూసుకుపోయింది. ఈ జూలైలో మళ్ళీ అక్కడే తెరుచుకుంది.

ఇప్పుడు ఇన్సూరెన్స్ రెన్యువల్ వచ్చింది. ఇంటి దగ్గర ఎత్తైన చెట్లున్నాయా, గోడలకు పగుళ్ళున్నాయా అని అడుగుతున్నారు. చెట్లు కొట్టే ఆయన ఒకరు వచ్చి చూసి, "శనివారం మొదలంటా తీసేస్తాను, కాగితాలేవీ అక్కర్లేదు" అన్నాడు. ఇల్లు లిస్టెడ్ అయితే చెట్టు కూడా లిస్టెడ్ అయినట్టేనా? ఉన్నది ఉన్నట్టు చెబితే పాలసీ పోతుందా? రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర లేదు. నాకైతే ఆ చెట్టు కొట్టించాలని లేదు. మా పాప దాని కిందే నడక నేర్చుకుంది.

కాగితాల_మనిషి:
ముందు ఆ శనివారం పని ఆపించండి, తర్వాత మిగతాది చదవండి. పదిహేనేళ్ళుగా ప్లానింగ్ దరఖాస్తులు చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

లిస్టింగ్ ఇంటికి, దాన్ని అంటిపెట్టుకున్న కట్టడాలకు. చెట్టుకు కాదు. కానీ మీ పెరటి ప్రహరీ 1948 జూలై 1 కంటే ముందుదైతే అది కూడా లిస్టింగ్ కిందికి రావచ్చు. వేళ్ళు పొడుచుకొచ్చాయని అడక్కుండా దాన్ని పడగొట్టకండి.

చెట్టు సంగతి వేరే. దాని మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్, అదే టీపీవో, అంటే చెట్టును కాపాడుతూ కౌన్సిల్ ఇచ్చే ఉత్తర్వు, ఉందా? లేకపోతే మీ ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపు చెడకుండా కాపాడే ప్రాంతంలో, ఉందా? కౌన్సిల్ ట్రీ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే చెబుతారు. టీపీవో ఉంటే అనుమతి రావాల్సిందే. ఫీజు లేదు, 8 వారాల్లో నిర్ణయం చెప్పాలి. కన్జర్వేషన్ ఏరియా మాత్రమే అయితే 6 వారాల ముందు నోటీసు ఇవ్వాలి. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో మాను 75 మిల్లీమీటర్ల మందం దాటిన ప్రతి చెట్టుకూ ఇది వర్తిస్తుంది. మీ ఓక్ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళకు చెట్టు ఉండాలనిపిస్తే ఆ గడువులోనే టీపీవో వేస్తారు. ఇవేవీ లేకుండా నరికిస్తే ఇంగ్లాండ్‌లో జరిమానాకు పై హద్దు లేదు, బదులు చెట్టు కూడా నాటాలి. నరికినవాడి మీదే కాదు, నరికించిన మీ మీదా కేసు వేయొచ్చు.

పగులు కారణంగా టీపీవో చెట్టు కొట్టాలని అడిగితే ఇంజనీర్ రిపోర్టు జతచేయాలి. పగులు కొలతలు, మట్టి పరీక్ష, దొరికిన వేళ్ళు ఏ చెట్టువో అన్నీ అందులో ఉండాలి. కౌన్సిల్ కాదంటే 28 రోజుల్లో అప్పీలు ఉంది. కాదన్నందువల్ల ఇంటికి 500 పౌండ్లు, ఆ పైన నష్టం జరిగితే 12 నెలల్లోపు పరిహారం కూడా అడగొచ్చు. కానీ అప్పటికి ఊహించదగ్గ నష్టమే లెక్కలోకి వస్తుంది. అందుకే రిపోర్టు ముందే పెట్టాలి.

నార్త్‌లండన్_అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పిన పగులు మా ఇంట్లో చూసిందే. ఎండాకాలం తెరుచుకుని చలికాలం మూసుకుందంటే కింద బంకమట్టి ఆడుతోందని అనుమానించాలి. మన నల్లరేగడి నెర్రెలివ్వడం చూశావు కదా, ఇక్కడి క్లే కూడా అంతే. ఎండలకు చెట్టు నీళ్ళన్నీ లాగేస్తే మట్టి ముడుచుకుని పునాది దిగుతుంది. ఓక్ మరీ ఎక్కువ లాగుతుంది.

అయితే ఒక్కసారిగా కొట్టేస్తే ఇంకో ప్రమాదం. తాగే చెట్టు పోయాక మట్టి తడి పట్టి ఉబ్బి ఇంటిని పైకి ఎత్తుతుంది, హీవ్ అంటారు. ఇల్లు ముందా, చెట్టు ముందా అన్నది తెలుసుకో. చెట్టే పాతదైతే ఈ భయం మరీ ఎక్కువ. మా వీధిలో ఒకరు కంగారుపడి పాప్లార్ చెట్టు కొట్టించారు. మూడేళ్ళు తలుపులు సరిగ్గా పడలేదు. మా ఇంజనీర్ ఏడాదిపాటు పగులు కొలిచి, కొమ్మలు తగ్గించి, కొన్నేళ్ళకొకసారి మళ్ళీ తగ్గించమన్నారు. మాకు అదే సరిపోయింది.

ఇన్సూరెన్స్ దగ్గర దాయకు. 2012 చట్టం ప్రకారం అడిగినదానికి జాగ్రత్తగా, నిజంగా చెప్పడం నీ బాధ్యత. అబద్ధం చెబితే రేపు క్లెయిమ్ రోజున మొత్తం ఎగ్గొట్టొచ్చు. పగులు సంగతి ఇప్పుడున్న కంపెనీకే చెప్పు, కంపెనీ మార్చకు. ఉన్న పగులుకు కొత్తవాళ్ళు కవర్ ఇవ్వరు. సబ్సిడెన్స్‌కు, అంటే ఇలా పునాది దిగడానికి, చాలా పాలసీల్లో మొదటి 1000 పౌండ్లు మనమే పెట్టుకోవాలి. లిస్టెడ్ ఇళ్ళు బాగా తెలిసిన బ్రోకర్‌తో, తిరిగి కట్టే ఖర్చు ఎంతకు రాయించావో ఒకసారి చూపించు. సున్నపు పని, ఓక్ దూలాలు మామూలు ఇటుక ఇంటి లెక్కలో రావు.

పిట్టల_శ్రీను:
కొమ్మలు తగ్గించినా గూళ్ళు చూసుకోండి అన్నా. మార్చి నుంచి ఆగస్టు దాకా పిట్టలు గూళ్ళు పెట్టే కాలం. పాత ఓక్ తొర్రల్లో గబ్బిలాలు ఉండొచ్చు, వాటికి చట్టం రక్షణ ఏడాది పొడుగునా ఉంది.

ఎసెక్స్_పెరడు:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ట్రీ ఆఫీసర్‌తో ఇవాళే మాట్లాడాను. టీపీవో లేదు, కన్జర్వేషన్ ఏరియానే. శనివారం రావద్దని చెట్లాయనకు చెప్పేశాను. కంపెనీకి పగులు ఫొటోలు, పెన్సిల్ గీతల తారీఖులతో సహా మెయిల్ పెట్టాను. వాళ్ళు సర్వేయర్‌ను పంపుతామన్నారు. అక్కా, మీ ఇంజనీర్ పగులు దేంతో కొలిచారు? సర్వేయర్ వచ్చేలోపు నేను కూడా కొలవడం మొదలుపెడతాను.

నార్త్‌లండన్_అక్క:
పగులుకు అటూ ఇటూ చిన్న స్టడ్‌లు అతికించి, వాటి మధ్య దూరం కాలిపర్‌తో కొలిచారు. అయితే నీది లిస్టెడ్ సున్నపు గోడ, నువ్వేమీ అతికించకు. ప్రస్తుతానికి నెలకోసారి ఒకే చోట స్కేలు ఆనించి ఫొటో తీసి పెట్టుకో.