ట్రాలీ స్టిక్కర్‌కి ఫోటో ట్రేస్ చేస్తే గీతలు రెండేసి వస్తున్నాయి

తెనాలి_రేడియం:
అందరికీ నమస్తే. ఆటోలకి, బైకులకి పేర్లు కట్ చేస్తుంటాను. కోరెల్ డ్రా సాఫ్ట్‌వేర్ లేదు, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌తోనే నడిపిస్తున్నా. ఒక రైతు ట్రాక్టర్ ట్రాలీ వెనక డోరుకి ఒంగోలు గిత్త బొమ్మ, కింద "శ్రీ లక్ష్మీ నరసింహ" అని కావాలన్నారు. పాత ట్రాలీ మీదున్న స్టిక్కర్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. అడుగున్నర వెడల్పు రావాలి. ఫోటోని గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్‌లో ఎడ్జ్ డిటెక్షన్ పెడితే స్క్రీన్ మీద బాగానే ఉంది. స్టిక్కర్ కోసే ప్లాటర్‌కి పంపితే బ్లేడు పక్కపక్కనే రెండుసార్లు పోయి అంచంతా దారంలా లేచొచ్చింది. కొమ్ముల దగ్గరైతే మెషిన్ వణుకుతోంది. ఏ సెట్టింగ్ మార్చాలి? శనివారానికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

సాయి_గ్రాఫిక్స్_జిఎన్‌టి:
ఎడ్జ్ డిటెక్షన్ వద్దన్నా. నలుపూ తెలుపూ కలిసే చోట అది సన్న గీత గీస్తుంది, ఆ గీతకి అటొక అంచు ఇటొక అంచు. బ్రైట్‌నెస్ కటాఫ్ పెట్టు, నిండు ఆకారం వస్తుంది. వ్యూ మెనూలో అవుట్‌లైన్ మోడ్ పెట్టి చూస్తే బ్లేడు ఎటు పోతుందో ముందే తెలుస్తుంది.

పాత_బ్రష్:
తమ్ముడూ, సెట్టింగ్ సంగతి తర్వాత. ముందు ఆ ఫోటో పక్కన పెట్టు. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద రాసినవాణ్ణి, ఇప్పుడు నాకూ ప్లాటరే దిక్కు. వాట్సాప్ ఫోటోని నలిపేసి పంపుతుంది, అంచుల చుట్టూ బూడిదరంగు నలకలు మిగులుతాయి. ట్రేస్ చేస్తే ఆ నలకలన్నీ నోడ్లు, అంటే గీత మీద మలుపు చుక్కలు, అవుతాయి. నీ మెషిన్ వణికేది అందుకే. ఆయన్ని నీడలో, ఎదురుగా నిలబడి, ఫ్లాష్ లేకుండా తీసి డాక్యుమెంట్‌గా పంపమను. రేడియం మీద ఫ్లాష్ పడితే ఆ భాగం తెల్లగా మెరిసిపోతుంది, బొమ్మే కనపడదు.

ఆ ఫోటోని జింప్‌లో (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) నాలుగింతలు పెద్దది చేసి, కొంచెం బ్లర్ కొట్టి, ఆ తర్వాత త్రెషోల్డ్ పెట్టు, నలుపూ తెలుపే మిగులుతాయి. ఈ వరస మారకూడదు. త్రెషోల్డ్ ముందే పెడితే మెట్లు మెట్లుగా ఉన్న అంచే పెద్దదవుతుంది. ట్రేస్‌లో స్పెకిల్స్ విలువ పెంచు, చిన్న నలకలు పోతాయి. నోడ్లు తగ్గించే సింప్లిఫై ఒక్కసారే. మళ్ళీ మళ్ళీ నొక్కితే కొమ్ము మొన మొద్దుబారి గిత్త కాస్తా గేదె అవుతుంది.

నన్నడిగితే గిత్తకి ట్రేసే వద్దు. ఫోటోని కింది లేయర్‌లో లాక్ చేసి, పెన్ టూల్‌తో గీసుకో. కొమ్ము మొన, మూపురం పైభాగం, గంగడోలు తిరిగే చోటు, ఇలా ఒంపు మారే దగ్గరే నోడ్ పెడితే చాలు. తోక మాత్రం ఫోటోలో ఉన్నంత సన్నగా వద్దు. ట్రాలీకి పట్టేది పొలం మట్టి, కడిగేది మోటారు పైపుతో, సన్నవి ముందు లేస్తాయి. తోకని కొంచెం లావు చేసి వెనక కాలికి కలిపెయ్.

లిపి_కటింగ్:
అక్షరాలు కూడా ట్రేస్ చేయకండి. ఫాంట్‌తో టైప్ చేసి, అక్షరాల్ని గీతలుగా మార్చే ఆబ్జెక్ట్ టు పాత్, అన్‌గ్రూప్, ఆపైన అన్నిటినీ ఒకే ఆకారంగా కలిపే యూనియన్. తెలుగులో గుడులు, ఒత్తులు అక్షరం మీదికి ఎక్కి ఉంటాయి. యూనియన్ చేయకపోతే "క్ష్మీ"లో బ్లేడు అక్షరం మధ్యలోంచి పోతుంది. అను ఫాంట్లలో (డీటీపీవాళ్ళు వాడే పాత తెలుగు ఫాంట్లు) ముక్కలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఇంకా జాగ్రత్త. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉచితం, లావుగా ఉంటుంది, దూరానికి కనపడుతుంది.

తెనాలి_రేడియం:
గిత్త పెన్‌తోనే గీస్తున్నాను, థాంక్స్ అన్నా. కన్ను, గంగడోలు మడతలు ఎలా? ఫోటోలో అవి తెల్ల గీతలు.

పాత_బ్రష్:
స్ట్రోక్ (గీత) మందంగా పెట్టి ఊరుకోకు, మెషిన్ మందం చూడదు, గీత మధ్యలోంచే కోస్తుంది. స్ట్రోక్ టు పాత్ చేసి, గిత్త ఆకారంలోంచి డిఫరెన్స్‌తో తీసెయ్. మడతలు నాలుగు ఉంటే రెండు చాలు, కానీ వెడల్పుగా. కన్ను ఉన్నదానికంటే పెద్దగా పెట్టు, కోసిన ముక్కలు పీకేటప్పుడు నీకే సుఖం.