బిట్రగుంటలో రైల్వే కాలం నాటివి చూడ్డానికి ఏమున్నాయి?

నెల్లూరు స్కూటీ:
ఆదివారం మా తమ్ముడి కొడుకుని తీసుకుని బిట్రగుంట వెళ్దామనుకుంటున్నా. పదేళ్లవాడు, రైళ్లంటే పిచ్చి. ఆఫీసులో అడిగితే "అక్కడేముంది మేడమ్, కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని వచ్చేయండి" అన్నారు. పాత లోకో షెడ్డు, రైల్వే కాలనీ అంటారు కదా, ఒక పూట సరిపోతుందా?

కావలి కుర్రోడు:
ఏం లేదక్కా. రెండు టీకొట్లు, బోలెడు కుక్కలు.

బొగ్గుపార:
కుర్రోడా, కుక్కల సంగతి ఒప్పుకుంటా. నేను ఆ కాలనీలోనే పుట్టా. మా నాన్న స్టీము ఇంజన్ల మీద ఫైర్‌మన్, అంటే పొయ్యిలో బొగ్గు వేసే మనిషి.

అమ్మా, పిల్లాడికి ముందు ఈ లెక్క చెప్పండి. మద్రాసు నుంచి బెజవాడ 431 కిలోమీటర్లు. బిట్రగుంట ఇంచుమించు సగం దారి. బొగ్గు ఇంజను అంత దూరం ఏకబిగిన లాగలేదు. నీళ్లు అయిపోతాయి, పొయ్యిలో బూడిద పేరుకుని, చిట్టెం గడ్డకట్టి మంట చచ్చిపోతుంది. అందుకని ఇక్కడ దాన్ని విప్పేసి ఇంకో ఇంజను తగిలించేవాళ్లు. డ్రైవరు, ఫైర్‌మను కూడా మారేవాళ్లు. మరి వాళ్లు పడుకోవడానికి రన్నింగ్ రూము కావాలి, సంసారాలకు ఇళ్లు కావాలి. ఊరు అలా పెరిగింది. బెజవాడ–మద్రాసు లైను కలిసింది 1899లో.

అర్ధరాత్రి రెండింటికి డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ వచ్చేవాడు, చంకలో డ్యూటీ పుస్తకం. తలుపు కొట్టకముందే, సైకిలు స్టాండు వేసిన చప్పుడుకే అమ్మ లేచేది. నాన్న నిద్రకళ్లతో సంతకం పెట్టేలోపు క్యారియర్‌లో పెరుగన్నం, ఆవకాయ బద్ద.

అమ్మ కోపమంతా మసి మీద. ఆరేసిన తెల్ల గుడ్డల మీద సన్నగా నల్లచుక్కలు పడేవి. దులిపితే అంటుకుంటాయి, రుద్దితే పరుచుకుంటాయి. ఊదాలి. స్కూలు చొక్కా ఊదుకుని తొడుక్కోవడం మా పిల్లలందరికీ అలవాటు.

1980-81లో చీరాల నుంచి తమిళనాడులోని ఎలావూరు దాకా రైళ్లకు కరెంటు లైను వేశారు. కరెంటు ఇంజనుకు బిట్రగుంటలో పనేముంది? ఒక్కో కుటుంబం సామాను కట్టింది. మేమూ బెజవాడ వెళ్లిపోయాం.

మీరు స్టేషన్లో నిలబడి యార్డు వెడల్పు చూడండి. ఇంత చిన్న ఊరికి ఇంత జాగా ఎందుకని వాడే అడుగుతాడు. కాలనీ వీధుల్లో నిదానంగా నడవండి, మనుషులున్న ఇళ్లముందు ఫోటోలొద్దు. షెడ్డు వైపు వెళ్లాలంటే స్టేషన్ మాస్టరుని అడగండి. పాత గోడల దగ్గర పాములుంటాయి. పట్టాలు దాటారంటే కేసు కూడా.

నెల్లూరు స్కూటీ:
మసి సంగతి చదివి వినిపించా. వాడప్పుడే నా చున్నీ ఊదుతున్నాడు! స్కూటీ మీద రమ్మంటారా, ట్రైనా?

బొగ్గుపార:
ట్రైనే. రోడ్డు మీద వస్తే హైవే తప్ప ఏం కనబడదు. ప్యాసింజర్ టైము ముందురోజు చూసుకోండి, పొద్దున్నే దిగండి. ఎండెక్కితే ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టలేరు.

కావలి కుర్రోడు:
అన్నా, నీ పేరులో ఉన్న పార ఇంకా ఉందా?

బొగ్గుపార:
ఉంది. అమ్మ పెరట్లో పాదులు తవ్వుతుంది దాంతో. రైల్వే సామాను, ఎవరికీ చెప్పమాక.