ఆక్సిజన్ 94 ఉన్నా వెంటిలేటర్ ఎందుకు పెట్టారు?

మా నాన్నగారికి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. ఐసీయూలో ఉన్నారు. మానిటర్ మీద ఆక్సిజన్ 94 చూపిస్తూనే ఉంది, అయినా నిన్న రాత్రి బైపాప్ మాస్క్ (ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసేది) తీసేసి గొంతులోకి ట్యూబ్ వేశారు. అప్పటికే మగతగా ఉన్నారు, పిలిస్తే సరిగ్గా పలకలేదు. ఆక్సిజన్ బాగానే ఉంటే ఇదంతా ఎందుకు? ట్యూబ్ పడితే ఇక తియ్యరని చుట్టాలు ఒకటే గొడవ. చాలా టెన్షన్‌గా ఉంది.

ఐసీయూ నర్సు:
మీరు రాసినదాంట్లో అసలు విషయం 94 కాదండీ, ఆ మగత. వేలి క్లిప్‌కి ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందో లేదో అది చెప్పలేదు. సీఓపీడీలో ఊపిరి వదలడమే కష్టం. కండరాలు అలిసిపోతే ఆ గ్యాస్ రక్తంలో పేరుకుంటుంది, పీహెచ్ పడిపోతుంది, అంటే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, మనిషి మత్తులోకి జారిపోతాడు. మాస్క్‌తోనే గట్టెక్కేవాళ్లు చాలామంది. స్పృహ తగ్గి, కఫం గొంతులోనే నిలిచిపోతుంటే మాత్రం మాస్క్ చాలదు. ఏబీజీ (రక్తంలో గ్యాసులు, పీహెచ్ చూసే పరీక్ష) రిపోర్ట్ అడిగి చూడండి. ఇంకోటి, సీఓపీడీ వాళ్లకి ఆక్సిజన్ సాధారణంగా 88-92 ఉండేలా చూస్తాం. 'ఆక్సిజన్ ఇంకొంచెం పెంచండి సిస్టర్' అనేవాళ్లు ప్రతి షిఫ్టులో ఒకరుంటారు, మీరు ఆ పని చెయ్యకండి.

ఇంకొకరు:
మా అమ్మకీ ట్యూబ్ వేసి, తర్వాత తీశారు. అది స్వరతంతువుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి మాట రాదు, గొంతు పోయిందని భయపడకండి. మెలకువ వచ్చాక పలకా, పెన్నూ ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
రిపోర్ట్ చూపించారు. ట్యూబ్‌కి ముందు పీహెచ్ 7.18, ఇప్పుడు 7.34. రేపు మత్తు తగ్గించి 'ట్రయల్' చేస్తామన్నారు. అంటే?

ఐసీయూ నర్సు:
మెషీన్ సాయం బాగా తగ్గించి, అరగంట నుంచి 2 గంటల వరకు సొంతంగా ఊపిరి తీసుకోనిస్తారు. శ్వాస నిమిషానికి 35 దాటినా, ఒళ్లంతా చెమటలు పట్టినా ఆపేసి మళ్లీ సాయం పెంచుతారు, మర్నాడు మళ్లీ చూస్తారు. మొదటిసారి కుదరకపోతే చుట్టాల మాట నిజమైనట్టు కాదు. వెంటిలేటర్ జబ్బు తగ్గించదు, స్టెరాయిడ్లు, నెబ్యులైజేషన్ పనిచేసేదాకా కండరాలకు విశ్రాంతి ఇస్తుంది, అంతే. ట్యూబ్ తీశాక వెంటనే బైపాప్ పెట్టొచ్చు. అది చాలాసార్లు ముందే అనుకుని చేసేదే, తిరగబెట్టిందని కంగారు పడకండి.