చిన్న గ్రాంట్‌తో మెషీన్ కొనొచ్చంట, మనిషికి మాత్రం ఇవ్వకూడదంట. ఈ రూల్ కరెక్టేనా?

బకెట్‌రాణి:
అందరికీ నమస్తే. మేం ఒక పన్నెండు మందిమి ఏడాదిగా చుట్టుపక్కల ఇళ్ళ చెత్త తగ్గించే పని మాకు తోచినట్టు చేస్తున్నాం. ఇప్పుడు చిన్న గ్రాంట్ ఒకటి వచ్చేలా ఉంటే ఫారం ముందేసుకుని కూర్చున్నా, రూల్స్ చదివితే తల తిరిగిపోయింది. డబ్బాలకి ఇస్తారంట, షెడ్డుకి ఇస్తారంట, మెషీన్‌కి ఇస్తారంట, బోర్డులకీ కరపత్రాలకీ కూడా ఇస్తారంట, రోజూ వచ్చి చెత్త వేరు చేసే మనిషికి మాత్రం ఇవ్వరంట, అది జీతం కిందకి వస్తుందంట. పైగా ముందు మనమే ఖర్చు పెట్టి బిల్లులు పంపితే తర్వాత డబ్బులిస్తారు. ఏడాది అయ్యాక ఎన్ని కిలోలు డంపింగ్ యార్డుకి పోకుండా ఆపామో లెక్క చూపించాలి. మాలో సగం మంది రూల్ ఎలా ఉంటే అలా పోదాం, కంపోస్ట్ మెషీన్ రాసేద్దాం అంటున్నారు. మిగతా సగం మంది మనిషి లేకుండా మెషీన్ ఎందుకు, పూలదండ వేయడానికా అంటున్నారు. ఇలాంటి గ్రాంట్ తీసుకున్నవాళ్ళెవరైనా చెప్పండి.

తొక్కలోజ్ఞాని:
ఏ మెషీన్? 24 గంటల్లో కంపోస్ట్ అని అమ్ముతారే, అదా?

బకెట్‌రాణి:
అవునండి అదే. కొటేషన్ కూడా తెప్పించాం.

తొక్కలోజ్ఞాని:
ఇక్కడే ఆగిపోండి రాణి గారూ. అది కంపోస్ట్ కాదు. హీటర్ పెట్టి ఎండబెట్టి పొడి చేస్తుంది, అంతే. కూరగాయ తొక్కల్లో నూటికి డెబ్బై ఎనభై వంతులు నీళ్ళే, ఆ నీళ్ళు ఆవిరైపోయేసరికి బుట్టెడు చెత్త దోసెడు అయిపోతుంది, చూసినవాళ్ళు ఆహా అంటారు. ఆ పొడిని తడిపి నాలుగు రోజులు ఉంచండి, బూజు పట్టి కంపు కొట్టకపోతే నన్నడగండి, ఎందుకంటే అది కుళ్ళాల్సిన పని ఇంకా మొదలే కాలేదు. అసలైన కంపోస్ట్ అంటే సూక్ష్మజీవులు తినాలి. కార్బన్ 25 నుంచి 30 పాళ్ళకి నైట్రోజన్ 1 పాలు పడాలి, అంటే తొక్కలకి తోడు ఎండుటాకులో రంపపు పొట్టో కలపాలి. కుప్ప లోపల 55 డిగ్రీల వేడి కనీసం మూడు రోజులు నిలబడితేనే రోగాల క్రిములు చస్తాయి, ఆ తర్వాత మాగడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. దానికి కావాల్సింది గాలాడే డబ్బా, ఒక పార.

చూస్తున్నా:
పారకి కొటేషన్ ఎవడిస్తాడు అన్నా, అందుకే మెషీన్.

పాతకమిటీ:
ఇలాంటి అప్లికేషన్లు చదివే కమిటీలో నేను ఆరేళ్ళు ఉన్నా కాబట్టి అవతలి వైపు మాట కూడా వినండి. జీతాలకి ఎందుకివ్వం అంటే, చిన్న గ్రాంట్ అంటేనే ఒక్కసారి ఇచ్చేది. పన్నెండు నెలలు మనిషికి ఇచ్చారనుకోండి, పదమూడో నెల ఎవరిస్తారు? మనిషి మానేస్తాడు, పని ఆగిపోతుంది, మళ్ళీ మా దగ్గరికే వస్తారు. డబ్బా కొంటే డబ్బా ఉంటుంది, షెడ్డు కడితే షెడ్డు ఉంటుంది. ఇంకోటి మొహమాటం లేకుండా చెప్తున్నా, జీతాలకి ఒప్పుకున్న రోజు నుంచి అప్లికేషన్లలో చెత్త తగ్గి కోఆర్డినేటర్లు పెరిగారు, ఆ కోఆర్డినేటర్ ఎవరా అని చూస్తే సెక్రటరీ గారి బావమరిది. కిలోల లెక్క అడిగేది కూడా అందుకే. అది జనం డబ్బు, మా మనసుకి బాగుందనిపించింది అంటే ఆడిట్‌లో ఒప్పుకోరు.

స్క్రూడ్రైవర్:
ఆ కిలోల లెక్క గురించే నాకు మంట. మేం నెలకోసారి పాత సామాన్లు రిపేర్ చేసే మీటింగ్ పెడతాం, 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన రిపేర్ కేఫ్ పద్ధతే, పాడైంది పట్టుకురా, పక్కన కూర్చో, ఇద్దరం కలిసి బాగుచేద్దాం. గ్రాంట్‌కి అప్లై చేస్తే "తగ్గించిన చెత్త పరిమాణం తక్కువ" అని తిప్పికొట్టారు. ఎందుకు తక్కువుండదు! ఒక హెయిర్ డ్రయ్యర్ అరకిలో కూడా తూగదు. అదే రోజు ఇంకో గ్రూప్ గాజు సీసాలు పోగుచేస్తామంది, గాజు బరువు కదా, నాలుగు బస్తాలకే వాళ్ళ అంకె మా ఏడాది అంకెని దాటేసింది. ముందు తగ్గించు, తర్వాత మళ్ళీ వాడు, అదీ కుదరకపోతే రీసైకిల్ చెయ్ అని స్కూల్లో పిల్లలకి కూడా చెప్తారు. మరి మార్కులు మాత్రం మూడోదానికే వేస్తారు. అసలు చెత్త కానేకాని దాన్ని ఏ కాటా మీద పెట్టమంటారు?

పాతకమిటీ:
బాగుచేసిన వస్తువు బరువు రాయండి, ఎంతకాలం అదనంగా నడుస్తుందో అంచనా రాయండి. అలా రాసినవాళ్ళకి ఇచ్చాం. జపాన్‌లో కమికత్సు అనే చిన్న ఊరు చూడండి, 2003లో జీరో వేస్ట్, అంటే తగలబెట్టడానికీ పూడ్చడానికీ చెత్తే మిగలకూడదని ప్రకటించారు, జనమే తెచ్చి నలభైకి పైగా రకాలుగా వేరుచేసి పెడతారు, నూటికి ఎనభై వంతులు రీసైకిల్ అవుతోంది. లెక్క రాసుకుంటేనే కదా ఎనభై అని తెలిసింది.

స్క్రూడ్రైవర్:
కమికత్సు జనాభా రెండు వేలు కూడా లేదు సార్. పైగా దాని వెనక ఊరి పాలకవర్గం ఉంది. పన్నెండు నెలల గ్రాంట్ పెట్టుకుని కమికత్సు అవ్వమంటే ఎట్లా?

తొక్కలోజ్ఞాని:
గాజు గురించి అన్నారు కాబట్టి, తడి చెత్త కూడా బరువే. కిలోలే కావాలంటే కంపోస్ట్‌ని మించింది లేదు, పైగా యార్డులో పూడితే గాలి తగలక మీథేన్ వస్తుంది, నూరేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడెక్కించే వాయువు అది. కానీ ఆ మెషీన్‌తో మాత్రం వద్దు. రాణి గారూ కాన్సిల్ చేశారా?

అట్టలబండి:
మెషీన్ కొంటే మెషీన్ ఉంటుంది అన్నారు కదా సార్. ఎక్కడ ఉంటుంది?

చూస్తున్నా:
తాళం వేసిన షెడ్డులో.

పాతకమిటీ:
వెటకారం వద్దు. నడిచేవీ చాలా ఉన్నాయి.

అట్టలబండి:
వెటకారం కాదు సార్, మా దగ్గర జరిగిందే చెప్తున్నా. మా నాన్న బండి మీద తిరిగి అట్టలు, పాత పేపర్లు, బాటిళ్ళు, ఇనుము కొంటాడు, ఇరవై ఏళ్ళ పైనే అయ్యింది. రెండేళ్ళ కింద ఒక గ్రూప్‌కి ఇట్లాంటి గ్రాంటే వచ్చింది. షెడ్డు కట్టారు, రంగురంగుల డబ్బాలు పెట్టారు, ఆదివారం ఆదివారం అందరూ తెచ్చి వేయాలన్నారు. వేశారు. ఏం వేశారు? అట్టలు, బాటిళ్ళు, అల్యూమినియం డబ్బాలు. అంటే మా నాన్నకి నాలుగు డబ్బులు మిగిలేవి అవే. అల్యూమినియం కరిగించి మళ్ళీ వాడితే ఖనిజం నుంచి తీసేదానికన్నా 95 శాతం కరెంటూ ఇంధనం మిగులుతాయి, అందుకే దానికి ఎప్పుడూ గిరాకీ, అది మీ కమిటీ చెప్పకముందే మాకు తెలుసు. ఎవరూ కొనని రేకు కవర్లు, రెండు మూడు పొరలు అతికించిన ప్యాకెట్లు మాత్రం ఎప్పట్లాగే రోడ్డు మీద.

అసలు మాట ఇది. ఏడాది తర్వాత వాళ్ళు రిపోర్టు ఇచ్చారు, ఇన్ని కిలోలు యార్డుకి పోకుండా ఆపాం అని. ఆ కిలోలు ఎప్పుడు పోయాయి సార్ యార్డుకి? మా నాన్న బండి మీద పోయేవి, గోడౌన్‌కి పోయేవి. ముందు కూడా రీసైకిలే, తర్వాత కూడా రీసైకిలే, మధ్యలో మా ఇంటి డబ్బులు పోయాయి, వాళ్ళకి కిలోలు వచ్చాయి.

స్క్రూడ్రైవర్:
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు.

పాతకమిటీ:
మీ బాధ అర్థమైంది కానీ రెండు విషయాలు కలిపేస్తున్నారు. మీ నాన్నగారిది వ్యాపారం, నేను మాట్లాడేది కమ్యూనిటీ సేవ గురించి. జనం తమ చెత్త తామే స్వచ్ఛందంగా వేరుచేసుకుంటే అది తప్పా? రేపు ఎవరి వ్యాపారం దెబ్బతింటుందో చూసి గ్రాంట్ ఇవ్వాలంటే ఎవరికీ ఇవ్వలేం. పైగా కొనేవాళ్ళు లాభం ఉన్నన్నాళ్ళే వస్తారు. 2018లో చైనా బయటి దేశాల ప్లాస్టిక్ తుక్కు తీసుకోవడం ఆపేసరికి ఎన్నో చోట్ల కొనేవాడు లేక కుప్పలు పడ్డాయి. రేటు పడితే బండి రాదు, అప్పుడు వాలంటీర్లే దిక్కు.

అట్టలబండి:
రేటు పడితే బండి రాదా? రేటు పడ్డ రోజుల్లో మా అమ్మ కూడా బండి వెంట తిరిగింది, రెండింతలు ఏరితే గానీ గడవక. రేటు పడితే రానిది మీ వాలంటీర్లే, రెండు ఆదివారాలు వర్షం పడితే షెడ్డు తీసేవాడే లేడు. మేం లాభం కోసం చేస్తే వ్యాపారం, మీరు ఫోటో కోసం చేస్తే సేవ.

పాతకమిటీ:
నోరు అదుపులో పెట్టుకోండి. ఆరేళ్ళు ఒక్క పైసా తీసుకోకుండా రాత్రుళ్ళు కూర్చుని ఫైళ్ళు చదివినవాణ్ణి, నాకు ఫోటోల అవసరం లేదు.

అట్టలబండి:
పైసా తీసుకోకుండా ఆరేళ్ళు కూర్చోగలిగారు కదా సార్, అదే చెప్తున్నా. అందరూ కూర్చోలేరు.

చూస్తున్నా:
🔥🔥

మోడరేటర్:
ఇద్దరూ కాస్త ఆగండి. మనుషుల మీదకి వెళ్తే థ్రెడ్ లాక్ చేస్తా. మెషీన్ గురించి మాట్లాడుకోండి, మనిషికి ఇవ్వాలా వద్దా మాట్లాడుకోండి.

తొక్కలోజ్ఞాని:
మెషీన్ గురించి అయితే నేను రెడీ.

మోడరేటర్:
మీరు కాదు.

పాతకమిటీ:
సరే, కోపంలో అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ జీతం వద్దని నేను అంత గట్టిగా ఎందుకంటానో ఇప్పటిదాకా చెప్పలేదు, చెప్తా. ఒకసారి రూల్ పక్కనపెట్టి ఒక గ్రూప్‌కి ఒప్పుకున్నాం, వాళ్ళలోనే ఒకామెకి నెలనెలా కొంత ఇచ్చేలా. మూడు నెలల్లో మిగతావాళ్ళు రావడం మానేశారు, డబ్బులు తీసుకునేది ఆవిడ కాబట్టి ఆవిడే చేస్తుందిలే అని. ఆవిడ ఒక్కతే అంత చెత్త దగ్గర నిలబడింది, చివరికి మాటలు కూడా పడింది. ఆ గ్రూప్ మళ్ళీ కలవలేదు. దానికి సంతకం పెట్టింది నేనే. అప్పటినుంచీ డబ్బు చేరితే స్నేహం పోతుందని నా భయం, దాన్నే రూల్ అని చెప్పుకుంటున్నానేమో.

అట్టలబండి:
ఆవిడకి ఇచ్చినందుకు కాదు సార్ పోయింది, మిగతావాళ్ళు ఆ పని తమది కాదనుకున్నందుకు పోయింది. నేను కూడా మీదకొచ్చా, సారీ. కానీ ఒకటి చెప్పండి, మీ ఫారంలో "కమ్యూనిటీ" అని ఉన్నచోట మేం ఉన్నామా లేమా? ఆ షెడ్డు కట్టేముందు మీటింగ్ పెట్టారంట. దుకాణాల వాళ్ళని పిలిచారు, స్కూలు వాళ్ళని పిలిచారు. అన్ని ఇళ్ళ చెత్త గురించి ఎక్కువ తెలిసినవాడు ఆ గేటు ముందునుంచే బండి తోసుకుంటూ పోయాడు, ఒక్కరూ పిలవలేదు. మేం జీతం అడగట్లేదు. మా పనిని పని అనమంటున్నాం.

పాతకమిటీ:
ఫారంలో "ఇప్పటికే ఈ పని ఎవరు చేస్తున్నారు" అనే ప్రశ్న లేదు. మా టైంలో లేదు. ఉండాల్సింది.

స్క్రూడ్రైవర్:
ఉంటే రిపోర్టుల్లో సగం కిలోలు ఎగిరిపోతాయి.

పాతకమిటీ:
ఎగిరిపోతాయి, ఆడిట్‌లో ఏం చెప్పాలో నాకు తెలీదు. జీతం విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఒక గ్రూప్ తన మనిషికే తను ఇచ్చుకోవడం వేరు, బయట పనిచేసేవాళ్ళ దగ్గర బిల్లు తీసుకుని పని చేయించుకోవడం వేరు. రెండోది చాలాచోట్ల సేవల ఖర్చు కింద రాయనిస్తారు. రాణి గారూ, మీ రూల్స్‌లో ఆ మాట ఉందేమో చూడండి.

బకెట్‌రాణి:
ఉంది సార్, తొమ్మిదో పేజీలో చిన్న అక్షరాల్లో.

రెండు రోజుల నుంచి ఇక్కడ ఏం రాయాలో తెలీక ఊరుకున్నా. మేం కూడా ఏడాదిగా బాటిళ్ళు, అట్టలే పోగుచేశాం, అవే తేలిక కాబట్టి. ఇదివరకు మా వైపు ఒకాయన బండి తెచ్చేవాడు, ఈమధ్య రావట్లేదు. ఒంట్లో బాలేదేమో అనుకున్నా. ఇది చదివాక మా డబ్బాల వంక చూడబుద్ధి కాలేదు.

ఫారం మార్చాం. మెషీన్ తీసేశాం (జ్ఞాని గారూ, కాన్సిల్ అయిపోయింది, ఇక అడక్కండి). తడి చెత్తకి గాలాడే డబ్బాలు మూడు, ఎండుటాకులూ కవర్లూ నిలవ చేయడానికి ఒక చిన్న షెడ్డు, రిపేర్‌కి ఒక టూల్ సెట్. బాటిళ్ళు, అట్టలు మేం ముట్టుకోం, అవి బండి ఆయనకే. ఎవరూ కొనని కవర్లు వేరుచేసి పంపించే పనికి బిల్లు మీద ఆయనకే ఇవ్వాలని రాశాం, ఆయన ఒప్పుకుంటేనే. కిలోలు తగ్గుతాయి, గ్రాంట్ రాకపోవచ్చు కూడా. అట్టలబండి గారూ, ఇలా రాస్తే బండి ఆయన లాంటివాళ్ళు ఒప్పుకుంటారా? మీ నాన్నగారిని ఒకసారి అడిగి చెప్తారా?

తొక్కలోజ్ఞాని:
మూడు డబ్బాలు సరిపోవు, ఒకటి నిండుతుంటే ఒకటి మాగాలి, ఇంకోటి ఖాళీ చేస్తుండాలి, వర్షాకాలానికి నాలుగోది రాయండి.

అట్టలబండి:
చదివి వినిపించా. బిల్లు గురించి ఏమీ అనలేదు. కవర్లు పెట్టే షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందు అది రాయించమన్నాడు.