నేటాల్ వెళ్లిన మా చిన్న ముత్తాతగారి జాడ: ఇంటిపేరుతో వెతికితే దొరకడం లేదు

ప్రశ్న (చీపురుపల్లి వాసి):
మా ముత్తాతగారి తమ్ముడు అప్పలస్వామి 1890ల చివరలో చెరకు తోటల పనికి ఒప్పందం మీద మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలోని ప్రాంతం) వెళ్లారని, అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయారని మా నాయనమ్మ చెప్పేది. ఆనాటి ఓడల జాబితాలు ఇప్పుడు కంప్యూటరులో చూడవచ్చని తెలిసి, మా ఇంటిపేరును ఎన్ని విధాల రాయవచ్చో అన్ని విధాలా వెతికినా ఒక్క నమోదూ కనిపించలేదు. ఆయన మారుపేరుతో వెళ్లారా, లేక వెతకడానికి వేరే దారి ఉందా? ఆయన సంతానం ఎక్కడున్నా కలుసుకోవాలని ఇంటిల్లిపాదికీ ఆశ.

జవాబు (పాతదస్త్రం):
మారుపేరు అనుకోనక్కర్లేదండీ. ఆ జాబితాలలో ఇంటిపేరుకు గడే లేదు. 1860 నవంబరులో ‘ట్రూరో’ ఓడ నేటాల్‌లోని డర్బన్ రేవు చేరినప్పటి నుంచి 1911లో వలస ఆగేవరకు అక్కడికి వెళ్లిన సుమారు 1,52,000 మందికి వరుసగా కలోనియల్ నంబర్లు (అక్కడి ప్రభుత్వపు గుర్తింపు సంఖ్యలు) ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసుకున్నారు. కనుక ఇంటిపేరును పక్కన పెట్టి, ఆయన పేరును తండ్రి పేరుతోనూ ఊరితోనూ కలిపి వెతకండి. గుమాస్తాకు వినిపించిందే రాత కాబట్టి అప్పలస్వామి ‘అపల్‌సామి’ అయి ఉండవచ్చు. జిల్లా మాత్రం విశాఖపట్నమే చూడాలి, మీ ఊరు ఇప్పుడున్న విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. మన వైపు అప్పలస్వాములు ఊరికి నలుగురు ఉంటారు గనుక పేరు కలిసినంత మాత్రాన ఆయనే అని తేల్చుకోవద్దు; నుదుటి మీద గాటో, మోచేతి మీద పచ్చబొట్టో ఉండేదని పెద్దలెవరికైనా గుర్తుంటే ఆ గడితో సరిచూడండి. నంబరు దొరికితే దాన్ని భద్రంగా రాసుకోండి. పెళ్లి, పిల్లల నమోదులు వెతకడానికి పేరు కన్నా అదే గట్టి ఆధారం.

జవాబు (డర్బన్ తెలుగు):
పైవారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఇక్కడ చాలా కుటుంబాలలో వచ్చినవారి సొంత పేరే పిల్లలకు ఇంటిపేరుగా స్థిరపడింది. మరికొందరికి నాయుడు, రెడ్డి వంటివి ఆ స్థానంలోకి వచ్చాయి. మా కుటుంబానికి మా ముత్తాత పేరే ఇంటిపేరు, అసలు ఇంటిపేరేమిటో మా నాన్నగారికి కూడా తెలియదు. కాబట్టి మీ బంధువులను మీ ఇంటిపేరుతో కాక, ‘అప్పలసామి’ అనే ఇంటిపేరుతో వెతికి చూడండి. ఆయన ఆస్తి ఏమైనా మిగిల్చి పోయి ఉంటే, పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని వారసత్వ దస్త్రాలలో భార్యాబిడ్డల పేర్లు ఉండే అవకాశం ఉంది.

జవాబు (దస్తావేజు లేఖరి):
ఇవన్నీ సాగాలంటే ఆయన తండ్రి పేరు మీకు ఖాయంగా తెలియాలి. మీ ముత్తాతగారు భూమి కొన్నా, అమ్మినా, పంచుకున్నా, రిజిస్టరైన దస్తావేజులో ‘ఫలానావారి కుమారుడు’ అని తప్పక రాసి ఉంటుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పేర్ల ఇండెక్సు వెతికించి నకలుకు దరఖాస్తు పెట్టండి. సంవత్సరం సుమారుగానైనా చెప్పగలిగితే వెతుకులాట తేలికవుతుంది.